ఆపరేషన్‌కు ముందే మొదలయ్యే వైద్యం
(సంస్థ వార్షిక సమావేశంలో వైద్య సహాయ ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మన వైద్య సహాయ నిధి నుంచి ఇన్నేళ్లుగా కంటి శుక్లాలకు, డయాలసిస్‌కు, కాన్పులకు, గుండె ఆపరేషన్లకు సాయం చేస్తూ వచ్చాం. ఆ దరఖాస్తులు వచ్చినప్పుడు ఎవరూ ‘ఎందుకు?’ అని అడగలేదు. రెండేళ్ల కిందట మొదటిసారి బరువు తగ్గించే ఆపరేషన్ కోసం ఒక దరఖాస్తు వచ్చింది. అప్పుడు మాత్రం అడిగారు. ‘నోరు కట్టుకుంటే తగ్గేదానికి లక్షలు పోసి ఆపరేషన్ ఎందుకు? తిని లావెక్కినవారికి మన చందా డబ్బులా?’ అని ఒకరిద్దరు పెద్దలు ముఖం మీదే అన్నారు. అలా అడిగినవారి మీద మాకు కోపం లేదు. తన రూపాయి ఎక్కడికి పోతోందో దాత అడగాల్సిందే. ఆ ప్రశ్నకు జవాబుగానే ఈ రోజు ఈ నాలుగు మాటలు.

మేము డాక్టర్లం కాము, బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్లం. అయితే ఈ రెండేళ్లలో దరఖాస్తుదారుల వెంట ఆసుపత్రులకు వెళ్లాం. సర్జన్లను, డైటీషియన్లను అడిగి తెలుసుకున్నాం, చదివాం. తెలుసుకున్నదాన్ని మీ ముందు పెడతాం. చెప్పదలచినది ఒక్కటే. ఈ వైద్యంలో సగం ఆపరేషన్ థియేటర్‌లో జరగదు. అంతకు మూడు నెలల ముందు నుంచే రోగి ఇంట్లో, వంటగదిలో, దస్తర్‌ఖాన్ దగ్గర జరుగుతుంది. ఆ సగానికి కూడా మన సాయం అందాలి.

లావు అంటే తిండిపోతుతనమేనా?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 24 మంది అధిక బరువుతో ఉన్నారు. తెలంగాణలో నూటికి 30 మంది, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది. ఇంతమందీ తిండిపోతులు అనడం న్యాయం కాదు. వంశంలో వచ్చే ఒడ్డూపొడుగూ ఉంటాయి. థైరాయిడ్, పీసీఓడీ, స్టెరాయిడ్ మందులు, నిద్రలేమి, రోజంతా కదలకుండా చేసే పని, చవగ్గా దొరికే మైదా, నూనె, చక్కెర ఇవన్నీ కలిసి బరువు పెంచుతాయి.

ఇంకో సంగతి కూడా ఉంది. బాగా లావైన మనిషి పస్తులుండి పది కిలోలు తగ్గితే, పోయిన బరువును తిరిగి తెచ్చుకోవాలని శరీరమే పట్టుబడుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ పెరుగుతుంది. ఒంట్లో శక్తి ఖర్చు తగ్గుతుంది. అందుకే ఎంతో కష్టపడి తగ్గినవారిలో కూడా చాలామంది కొన్నేళ్లలో మళ్లీ బరువు పెరుగుతారు. అది వాళ్ల మనసు బలహీనత కాదు.

ఆపరేషన్ అవసరం ఎవరికన్నది కంటితో చూసి చెప్పరు. బరువును కిలోల్లో తీసుకుని, ఎత్తును మీటర్లలో తీసుకుని, ఎత్తును ఎత్తుతో గుణించి, ఆ సంఖ్యతో బరువును భాగిస్తారు. దీన్నే బీఎంఐ అంటారు. 155 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషి 104 కిలోలు ఉంటే బీఎంఐ సుమారు 43. 2022లో ఈ రంగంలోని రెండు అంతర్జాతీయ వైద్య సంఘాలు కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో బీఎంఐ 35 దాటినవారికి ఈ ఆపరేషన్ సూచించవచ్చని చెప్పారు. మధుమేహం వంటి జబ్బులుంటే 30 నుంచే ఆలోచించమన్నారు. మన ఆసియావాళ్లకు తక్కువ బరువులోనే జబ్బులు వస్తాయి కాబట్టి ఆ హద్దులు ఇంకా కిందికి జరుగుతాయి.

ఈ వైద్యం నిన్న మొన్నటిది కాదు. 1966లో అమెరికాలోని అయోవాలో డాక్టర్ ఎడ్వర్డ్ మేసన్ గ్యాస్ట్రిక్ బైపాస్ మొదలుపెట్టారు. ఇప్పుడు మన దగ్గర ఎక్కువగా చేసేవి రెండు రకాలు. స్లీవ్ అనే దాంట్లో జీర్ణాశయంలో నాలుగింట మూడు వంతులకు పైగా తీసేసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా ఉంచుతారు. బైపాస్‌లో జీర్ణాశయం పైభాగంలో 30 మిల్లీలీటర్లు పట్టేంత చిన్న సంచి చేసి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. రెండూ పొట్ట మీద చిన్న రంధ్రాలు చేసి కెమెరా సాయంతో చేసేవే. బరువు తగ్గడంతో పాటు చాలామందికి షుగర్, బీపీ, గురక, మోకాళ్ల నొప్పి బాగా తగ్గుతాయి. అందుకే దీన్ని అందం కోసం చేయించుకునే ఆపరేషన్ల పక్కన పెట్టకూడదు.

పొట్ట మారినా నాలుక మారదు

అయితే సర్జన్లు చెప్పే మాట ఒకటుంది. ఆపరేషన్ పొట్టను మారుస్తుందే తప్ప నాలుకను, చేతిని, ఇంటిని మార్చదు. చిన్నదైన పొట్టలోకి బిర్యానీ ఎక్కువగా పట్టదు నిజమే. కూల్‌డ్రింకు, మిల్క్‌షేక్, ఐస్‌క్రీమ్ మాత్రం జారిపోతూనే ఉంటాయి. అలా కొన్నేళ్లకు బరువు తిరిగి తెచ్చుకున్నవారూ ఉన్నారు. దుక్కి దున్నకుండా విత్తనం చల్లితే ఎంత మంచి విత్తనమైనా ఏం లాభం? మూడు నెలల ముందు నుంచి వదలాల్సినవి వదలడం ఆ దుక్కి లాంటిది. ఒక్కొక్కటిగా చెప్పుకుందాం.

మొదటిది పొగాకు. సిగరెట్టు, బీడీ, హుక్కా మాత్రమే పొగాకు అనుకుంటారు. గుట్కా, ఖైనీ, పాన్‌లో వేసుకునే జర్దా కూడా పొగాకే. 2016-17 జాతీయ పొగాకు సర్వేలో దేశంలోని పెద్దవాళ్లలో నూటికి 28 మందికి పైగా ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని తేలింది. అందులోనూ పొగతాగేవారి కంటే నమిలేవారే ఎక్కువ. నికోటిన్ రక్తనాళాలను కుంచించుకుపోయేలా చేస్తుంది. కుట్లు వేసిన చోటికి రక్తం సరిగా అందక గాయం మానదు. బైపాస్ అయినవారికి కలిపిన చోట పుండు పడుతుంది. పొగతాగేవారికైతే ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరడం, రక్తం గడ్డకట్టడం వంటి ప్రమాదాలు కూడా. అందుకే కనీసం 6 వారాల ముందే పూర్తిగా మానాలంటారు. ఆపరేషన్ అయ్యాక మళ్లీ ముట్టకూడదు.

‘మానేశాను’ అంటే సరిపోతుందా అంటే, చాలాచోట్ల రక్తంలోనో మూత్రంలోనో కోటినిన్ అనే పదార్థం ఉందేమో పరీక్షిస్తారు. ఒంట్లోకి వెళ్లిన నికోటినే కోటినిన్‌గా మారుతుంది. జర్దా నమిలినా అది బయటపడుతుంది.

మానడం కష్టమే. కాని మనవాళ్లకు ఒక అనుభవం ఉంది. రంజాన్‌లో సహరి నుంచి ఇఫ్తార్ దాకా 13, 14 గంటలు గుట్కా ముట్టని మనిషి, ఇఫ్తార్ కాగానే పాకెట్ చింపుతాడు. పగలంతా ఆగగలిగినవాడికి రాత్రి ఆగే శక్తి లేదని ఎలా అనుకుంటాం? లేనిది శక్తి కాదు, తోడు. రోజంతా ఇల్లు, వీధి, బజారు కలిసి ఆగాయి కాబట్టి అతనూ ఆగాడు. మిగతా రోజుల్లోనూ అటువంటి తోడు కల్పించాలి. పొగాకు పాకెట్ల మీద 1800-11-2356 అని ఒక నంబరు ముద్రించి ఉంటుంది. అది మానాలనుకునేవారికి ఉచితంగా సలహా ఇచ్చే ప్రభుత్వ ఫోను. నికోటిన్ చూయింగ్‌గమ్‌లో కూడా నికోటినే ఉంటుంది కాబట్టి దాన్ని వాడాలా వద్దా, ఎప్పుడు ఆపాలన్నది సర్జన్‌ను అడిగే తేల్చుకోవాలి.

రెండోది తీపి తాగుడు. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే ఆరేడు టీస్పూన్లు. చాయ్ సంగతి చూద్దాం. కప్పుకు రెండు చెంచాల చొప్పున రోజుకు ఆరు కప్పులు తాగితే 12 చెంచాల చక్కెర. అది తిన్నట్టు లెక్కలోకి రాదు, కడుపు నిండినట్టూ ఉండదు. పక్కన ఉస్మానియా బిస్కెట్లు ఎటూ ఉంటాయి. ఒక్కసారిగా మానమంటే తలనొప్పి వస్తుంది, చిరాకు వస్తుంది, నాలుగో రోజు మళ్లీ మొదలవుతుంది. అందుకని మొదటి రెండు వారాలు కప్పుకు ఒక చెంచా, తరవాత అర చెంచా, ఆపైన అసలు లేకుండా. ఆరు కప్పులు రెండు కావాలి. గ్యాస్ పానీయాలు మాత్రం మొదటి రోజు నుంచే ఇంట్లోకి రాకూడదు. బైపాస్ అయినవారు తీపి పానీయం తాగితే గుండె దడ, చెమటలు, కడుపు నొప్పి, విరేచనాలు ముంచుకొస్తాయి. దీన్ని డంపింగ్ అంటారు.

మూడోది తినే తీరు. మన దగ్గర పెళ్లి భోజనం పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. ఆపరేషన్ అయిన పొట్టకు ఆ వేగం పనికిరాదు. ముద్ద చిన్నదిగా పెట్టుకుని, ఇరవై ముప్పై సార్లు నమిలి, భోజనాన్ని కనీసం ఇరవై నిమిషాలు సాగదీయాలి. తింటూ నీళ్లు తాగకూడదు. తిన్నాక అరగంట ఆగి తాగాలి. ఇవన్నీ ఆపరేషన్ తరవాత నేర్చుకుందాంలే అనుకుంటే నొప్పి మీద, నీరసం మీద నేర్చుకోవాల్సి వస్తుంది. ముందే మూడు నెలలు సాధన చేస్తే అప్పటికి చేతికి అలవాటై ఉంటుంది. పిల్లలకు ఎక్కాలు పరీక్ష రోజున నేర్పం కదా!

రాత్రి పదకొండుకు తినడం, టీవీ ముందు పళ్లెం పెట్టుకోవడం, పిల్లలు వదిలేసింది పారేయలేక తల్లి తినడం, వీటిని కూడా ఈ మూడు నెలల్లోనే వదలాలి. పిల్లల పళ్లెంలో మిగిలింది పారేయడానికి ఏ తల్లికీ మనసొప్పదు. అందుకు మందు పిల్లలకు ముందే కొంచెం వడ్డించడం, కావాలంటే మళ్లీ పెట్టడం. మరోపక్క అన్నం, రొట్టె తగ్గించి పప్పు, గుడ్డు, చేప, చికెన్, పెరుగు ముందుగా తినడం అలవాటు చేసుకోవాలి. ఆపరేషన్ తరవాత రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ కావాలంటారు. అందుకే ప్రొటీన్ ముందు, అన్నం తరవాత అన్న వరస ఇప్పుడే పట్టుబడాలి. కడుపులో మూడో పాలు అన్నానికి, మూడో పాలు నీటికి, మూడో పాలు ఊపిరికి అన్న బోధ మనం చిన్నప్పటి నుంచీ వింటున్నదే.

నాలుగోది సొంత వైద్యం. మోకాళ్లు నొప్పిగా ఉన్నాయని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కొని మింగడం చాలా ఇళ్లలో ఉంది. బైపాస్ అయినవారికి ఈ మాత్రలు పుండ్లు తెచ్చిపెడతాయి. కాబట్టి ఏ నొప్పికి ఏ మాత్రో డాక్టరే చెప్పాలి. ఆకు మందులు, బరువు తగ్గించే పొడులు వాడుతుంటే అవీ చెప్పాలి. నిద్రలో గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయితే ఇంట్లోవాళ్లు ఆ సంగతి చెప్పాలి. మత్తు ఇచ్చే డాక్టర్‌కు అది ముఖ్యం.

మద్యం గురించి ఈ సభలో చెప్పాల్సిన పని లేదని కొందరు అనుకోవచ్చు. అలవాటున్నవారు మాత్రం డాక్టర్ దగ్గర దాచకూడదు. ఆపరేషన్ తరవాత, ముఖ్యంగా బైపాస్ తరవాత, మద్యం త్వరగా రక్తంలోకి ఎక్కుతుంది, వ్యసనంగా మారే ప్రమాదం పెరుగుతుంది. సిగ్గు కన్నా ప్రాణం ఎక్కువ.

అయిదోది కూర్చునే అలవాటు. పెద్ద వ్యాయామాలు అక్కర్లేదు. మొదటి వారం పది నిమిషాల నడక, తరవాత వారానికి అయిదేసి నిమిషాలు పెంచుకుంటూ పోవాలి. మగవాళ్లు నమాజుకు బండి మానేసి నడిచి వెళ్లవచ్చు. వీధిలో నడవడానికి మొహమాటపడే అక్కలు డాబా మీద నడవవచ్చు, ఇద్దరు ముగ్గురు కలిసి తెల్లవారుజామున నడవవచ్చు. ఆపరేషన్ అయిన రోజే లేపి నాలుగు అడుగులు నడిపిస్తారు. రక్తం గడ్డకట్టకుండా కాపాడేది ఆ నడకే. ముందు నుంచి నడిచిన కాళ్లకు అది సులువు.

చివరి రెండు వారాలు, ఆఖరి దావత్

ఆపరేషన్ దగ్గరపడ్డాక సుమారు రెండు వారాలు ప్రత్యేక ఆహారం ఇస్తారు. రోజుకు 800 నుంచి 1200 కేలరీలు, పిండిపదార్థం చాలా తక్కువ, ప్రొటీన్ ఎక్కువ. చాలామంది దీన్ని ‘ఎలాగూ తగ్గబోతున్నాం, ఈ శిక్ష ఎందుకు?’ అని తేలిగ్గా తీసుకుంటారు. అసలు కారణం వేరు. కాలేయం ఎడమ భాగం జీర్ణాశయం మీద కప్పుకుని ఉంటుంది. లావుగా ఉన్నవారిలో అది కొవ్వు పట్టి ఉబ్బి ఉంటుంది. సర్జన్ దాన్ని పైకెత్తి పట్టుకుంటేనే జీర్ణాశయం కనిపిస్తుంది. ఈ రెండు వారాల ఆహారంతో కాలేయం చిన్నదవుతుంది, ఆపరేషన్ సురక్షితమవుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు తిండి తగ్గించి మందు మాత్రం పాత మోతాదులోనే వేసుకుంటే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. ఈ ఆహారం మొదలుపెట్టే ముందే డాక్టర్‌తో మందుల మోతాదు మార్పించుకోవాలి.

మన ఇళ్లలో ఈ రెండు వారాలకు ఎదురొచ్చేది ఆఖరి దావత్. ‘పాపం, ఇక మీదట తినలేదు కదా, ఈ ఒక్కసారి కడుపునిండా తిననివ్వండి’ అంటూ పుట్టింటివాళ్లు ఒక రోజు, ఆడపడుచు ఒక రోజు, స్నేహితులు ఒక రోజు పిలుస్తారు. బిర్యానీ, డబుల్ కా మీఠా, ఖుబానీ కా మీఠా. పిలిచేది ప్రేమతోనే. కాని ఆ ప్రేమ వల్ల కాలేయం మళ్లీ ఉబ్బుతుంది, సర్జన్ పని కష్టమవుతుంది, ఒక్కోసారి ఆపరేషనే వాయిదా పడుతుంది. ప్రేమ చూపాలంటే ఆ రెండు వారాలు రోగితో కలిసి అదే పప్పునీళ్లు, అదే మజ్జిగ తాగడం మేలు. ఆపరేషన్ తేదీ తీసుకునేటప్పుడే రంజాన్, పండుగలు, ఇంట్లో పెళ్లిళ్లు చూసుకుని తీసుకుంటే ఇంకా మంచిది.

ఒక పాన్‌దాన్ కథ

రెండేళ్ల కిందట వచ్చిన ఆ మొదటి దరఖాస్తు గురించి, ఆమె అనుమతితో, పేరు లేకుండా చెబుతాం. నలభై దాటిన మనిషి, ఇంట్లో బట్టలు కుట్టి ముగ్గురు పిల్లలను చదివిస్తోంది. ఇందాక లెక్క చెప్పిన 155 సెంటీమీటర్లు, 104 కిలోలు ఆమెవే. షుగర్ అదుపులో లేదు. రాత్రి పడుకుంటే ఊపిరి ఆడక లేచి కూర్చునేది. కుట్టుమిషన్ దగ్గర గంట కూర్చుంటే కాళ్లు వాచేవి.

సర్జన్ మొదటి రోజు అలవాట్ల గురించి అడిగారు. గదిలో అత్తగారు ఉన్నారు, అన్న ఉన్నాడు. ఆమె ‘ఏమీ లేవు’ అంది. మూడు నెలలు చెప్పినట్టే తింది, డాబా మీద నడిచింది, చాయ్‌లో చక్కెర మానేసింది, ఆరు కిలోలు తగ్గింది. ఆపరేషన్‌కు ముందు చేసిన పరీక్షలో నికోటిన్ ఆనవాలు బయటపడింది. భోజనం అయ్యాక జర్దా పాన్ వేసుకునే అలవాటు పెళ్లయిన కొత్తలో అత్తగారి పాన్‌దాన్ నుంచే వచ్చింది. దాన్ని పొగాకు అని ఆమె ఎన్నడూ అనుకోలేదు. అన్న ముందు చెప్పుకోవడానికి సిగ్గు కూడా.

సర్జన్ కోప్పడలేదు. ఆరు వారాలు వాయిదా వేసి, మానేశాక రమ్మన్నారు. బజారులో మాత్రం మాటలు మొదలయ్యాయి. ‘సంస్థ డబ్బు తీసుకుని ఆపరేషన్ చేయించుకోలేదట’ అన్నారు. ‘ఇలాంటివాళ్లకు ఇవ్వొద్దని ముందే చెప్పాం’ అన్నారు. ఆమె దరఖాస్తు వెనక్కి తీసుకుంటానని కబురు పంపింది. మా ఉపసంఘంలోని అక్కలు ఇద్దరు ఆమె ఇంటికి వెళ్లారు. వాళ్లు నచ్చజెప్పింది ఆమెకు కాదు, అత్తగారికి. డెబ్బై ఏళ్ల ఆ పెద్దావిడ కాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చుంది. తరవాత లేచి వెళ్లి పాన్‌దాన్ తెచ్చి, గుడ్డలో చుట్టి, ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసింది. ‘బిడ్డ మానాలంటే ఇంట్లో వాసన ఉండకూడదు కదమ్మా’ అంది. భోజనం తరవాత ఇద్దరూ సోంపు నమలడం మొదలుపెట్టారు.

రెండో పరీక్షలో నికోటిన్ లేదు. ఆపరేషన్ జరిగింది. ఏడాది గడిచేసరికి ఆమె 76 కిలోలకు వచ్చింది. షుగర్ మందులు తగ్గాయి, రాత్రి నిద్ర పడుతోంది. జీవితాంతం విటమిన్ మాత్రలు వేసుకోవాలి, ఏడాదికోసారి రక్త పరీక్ష చేయించుకోవాలి. ఉపవాసాల గురించి కూడా ప్రతి ఏడూ డాక్టర్‌ను అడిగాకే నిర్ణయం. ఇవన్నీ ఆమెకు తెలుసు. ఆ పాన్‌దాన్ ఇంకా ట్రంకుపెట్టెలోనే ఉంది.

ఇందులో మన సంస్థ పెద్ద ఖర్చు పెట్టినది ఆపరేషన్ బిల్లులో కొంత భాగానికి. చిన్న ఖర్చు పెట్టినది బస్సు చార్జీలకు, డైటీషియన్ ఫీజుకు, రెండో పరీక్షకు. ఆ చిన్న ఖర్చు లేకపోతే పెద్ద ఖర్చు నిలిచేది కాదు.

దాతలకు మా విన్నపాలు

మొదటిది. ఇక మీదట ఇటువంటి దరఖాస్తు ఒప్పుకున్నప్పుడు ఆపరేషన్ బిల్లుతో పాటు ముందు మూడు నెలల ఖర్చుకు, తరవాత మొదటి ఏడాది విటమిన్లకు, పరీక్షలకు కూడా కలిపి మంజూరు చేద్దాం. ఐరన్, కాల్షియం, బీ12, విటమిన్ డీ మానేస్తే ఆపరేషన్ బాగా జరిగినా మనిషి నీరసించిపోతుంది. జకాత్ ఏ ఖర్చుకు చెల్లుతుందన్నది ఉలమా పెద్దలు చెబుతారు. మేము అడుగుతున్నది సదఖాగా, సాధారణ విరాళంగా వచ్చే నిధి నుంచి.

రెండోది. ఆరోగ్య బీమా ఉన్నవారి కాగితాలు ముందు చూద్దాం. బీమా నియంత్రణ సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం బీఎంఐ 40, లేదా తీవ్రమైన జబ్బులతో కలిసి 35 ఉండి, వేరే పద్ధతుల్లో బరువు తగ్గలేకపోయిన పెద్దలకు డాక్టర్ సలహా మీద చేసే ఆపరేషన్‌కు బీమా వర్తించవచ్చు. పాలసీ నిబంధనలు చదివి దరఖాస్తు నింపిపెట్టగల చదువుకున్న పిల్లలు మన మధ్య ఉన్నారు. వాళ్ల గంట సమయం కూడా విరాళమే.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. అలవాటు మానడాన్ని సాయానికి అర్హత పరీక్షగా పెట్టకండి. ‘ముందు మాను, తరవాత చూద్దాం’ అంటే మనిషి అబద్ధం చెబుతాడు, దాస్తాడు. దాచిన అలవాటు ఆపరేషన్ బల్ల మీద ప్రాణం తీయవచ్చు. ‘మానడానికి మేము తోడుంటాం’ అంటే నిజం చెబుతాడు. డాక్టర్‌కు కావాల్సింది ఆ నిజమే. ఆపరేషన్ ఎప్పుడు చేయాలో వాయిదా వేసేది డాక్టర్. మన పని ఆ వాయిదాలో మనిషిని ఒంటరిగా వదలకపోవడం.

నాలుగోది ఖర్చు లేనిది. మన దావత్‌లలో ‘ఇంకొంచెం’ అని బలవంతంగా వడ్డించడం మానేద్దాం. వద్దన్నవారిని ఒకసారికి మించి అడగొద్దు. మన సంస్థ సమావేశాల్లో, ఇఫ్తార్‌లలో కూల్‌డ్రింకు సీసాల బదులు మంచినీళ్లు, మజ్జిగ పెడదాం. ఈ రోజు మధ్యాహ్నం భోజనంలో అలాగే ఏర్పాటు చేశారు, కార్యవర్గానికి షుక్రియా.

అయిదోది. లావుగా ఉన్న మనిషిని చూసి నవ్వే మాటలు మన ఇళ్లలో, బడుల్లో, పెళ్లిళ్లలో ఆగాలి. తరగతి గదిలో మేము చూస్తూనే ఉన్నాం. తోటివాళ్లు వెక్కిరించిన పిల్ల ఆటస్థలానికి పోవడం మానేస్తుంది. అటువైపు పోకపోవడంతో బరువు ఇంకా పెరుగుతుంది. నవ్వు వల్ల తగ్గినవారిని మేము ఇంతవరకు చూడలేదు.

ఈ ఏడాది మా ఉపసంఘం ముందు ఇటువంటి దరఖాస్తులు మూడు ఉన్నాయి. ముగ్గురికీ డాక్టర్లు మూడు నెలల గడువు ఇచ్చారు. ఆ గడువు ఇప్పటికే మొదలైంది. ఒకరు బీడీ మానాలి, ఒకరు రాత్రి తిండి మానాలి, ఒకరి ఇంట్లో చాయ్ చక్కెర తగ్గాలి. సభ ముగిశాక బయట బల్ల దగ్గర ఉపసంఘం సభ్యులు ఉంటారు. డబ్బు ఇవ్వగలిగినవారు రసీదు తీసుకోండి. వారానికి ఒక గంట వాళ్లతో కలిసి నడవగలిగినవారు తమ పేరు రాయించండి. ముగ్గురికీ అల్లాహ్ ఆరోగ్యం ప్రసాదించాలని దుఆ చేయండి.